బోర్డు వెనక

పాత టౌనులో కౌన్సిల్ హాలు గోడకి
ఆరడుగుల టేకు బోర్డు.
ఇరవై మూడు పేర్లు.
పైనున్నవి మా తాత రాసినవి,
నడిమివి నాన్నవి,
అడుగునున్న నాలుగూ నావి.
మా ఇంటిపేరు మాత్రం దానిమీద ఎక్కడా లేదు.

మూడో పేరు చూడండి.
రావు బహద్దూర్ పేరూరి కూర్మనాథం పంతులు.
తాత మ-వత్తు మర్చిపోయాడు.
కూరనాథం పంతులని ఉంటుంది.
డెబ్బై ఏళ్లుగా ఎవరి కంటా పడలేదు.
ఊరికి కిరసనాయిలు దీపాలు తెచ్చింది ఆయనే,
దీపాల లెక్క అడిగినవాళ్ల వీధికి తప్ప.

పదకొండోది గనగళ్ల ఎర్రయ్య, హార్బరు కూలీల నాయకుడు.
గెలిచిన రోజు కుర్చీలో కూర్చోలేదట,
వంగి దాని కాళ్లు తడిమాడట:
"బర్మా టేకు. మా అయ్య మోసిందే."
నాలుగో ఏడు
ఆ కుర్చీలోనే కూర్చుని
కూలీల గుడిసెలు పీకే కాగితం మీద సంతకం పెట్టాడట.
రెండూ నాన్నే చెప్పాడు,
గొంతు మార్చకుండా.

హుద్‌హుద్ ఊరిని దులిపేసిన మూడోనాడు,
కైలాసగిరి గుండు చేయించుకుని నిలబడ్డప్పుడు,
హాలు నించి కబురొచ్చింది:
కిటికీలు పోయాయి, బోర్డు ఊడిపడింది,
పేర్లన్నిటికీ మళ్లీ పూత వెయ్యాలని.

వెళ్తే
నీళ్లలో బోర్లా పడి ఉంది.
ఇన్నేళ్లలో దాని వీపు నేను చూడలేదు.

వడ్రంగి పెన్సిలు. తాత రాత.
కొక్కెంలా వంగే ఆ 'త' నేనెక్కడైనా పోల్చగలను.

బాంబులు పడ్డ ఏడు
ఊరు ఊరంతా మూటలెత్తుకుని అనకాపల్లి దారి పడితే
ముడసర్లోవ పంపు దగ్గరే పడుకున్న ఫిట్టరు సాల్మన్.
కలరా రోజుల్లో పొద్దున్న శవాలబండి లాగి
మధ్యాహ్నం సంతాప సభకి ఇదే హాలు ఊడ్చిన సింహాచలం.
వార్డుకి నిలబడి ఓడిపోయి,
గెలిచినవాడి ఇంటిముందు తొమ్మిది రోజులు కూర్చుని
తనకి ఓటెయ్యని వీధికి కాలవ తవ్వించిన మంత్రసాని తవిటమ్మ.
కింద ఒక గీత.
"వీళ్లకి బోర్డు మంజూరు కాలేదు."

దాని కింద నాన్న రాత, ఒకటే పేరు:
నడుపూరి ఆదెయ్య.
ఎవరో నాకు తెలీదు.
అడుగుదామంటే నాన్న లేడు.

అప్పుడు గుర్తొచ్చింది బండెమ్మ.
అరిజిల్లి బండెమ్మ, జాలారిపేట మెంబరు,
పదకొండు నెలలు.
చేపల తట్ట గుమ్మం బయట దించి
చేతులు కొంగుకి తుడుచుకుని లోపలికొచ్చేది.
ముక్కు మూసుకున్న పెద్దమనిషితో అంది ఓసారి:
"ఆశీలు వసూలు సేసినప్పుడు
ఈ వోసన నేదేటి బావూ?"
మినిట్సు పుస్తకంలో ఆ ప్రశ్న లేదు.
జవాబు అసలే లేదు.

పదవి పోయాక ఓసారి ఫిషింగ్ హార్బరు దగ్గర
రొయ్యలు ఏరుతూ కనిపించింది.
నీ పేరు కూడా ఎక్కడో ఓచోట రాస్తానన్నాను.
తల ఎత్తకుండా అంది:
"నా పేరెందుకురా?
మూడో సందులో కుళాయికి పిడి పీకేసినారు.
ముందది ఎయ్యించు."

వేయించలేకపోయాను.
నేను పేర్లు రాసేవాణ్ని.

వాళ్లిద్దరూ పెన్సిలుతో రాశారు.
నా కుంచె అడుగున బంగారు రంగు
కాస్త మిగిలింది.

ఆరాక తిప్పి, ముందు వైపు పట్టాను.
మూడో పేరు దగ్గర చెయ్యి ఆగింది.
జాగా ఉంది, వత్తు పెట్టొచ్చు.
చాలాసేపు చూశాను.
మా తాత పొరపాటు చేసేవాడు కాదు.
కూరనాథాన్ని కూరనాథంగానే
రెండు పూతలు వేశాను.

బిల్లు పెట్టాను:
పాత పేర్లు, ఇరవై మూడు.
ఆడిటరు కళ్లజోడు పైకి జరిపి
వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు.
ఇరవై మూడే.
సరిపోయింది.